గోడ మీద నలభై ఆపిల్ పళ్లు

ఏ ప్లేస్కూలుకో, ఎల్‌కేజీ తరగతికో వెళ్లి గోడకేసి చూడండి. వరసగా ఆపిల్ పళ్లు అంటించి ఉంటాయి. అన్నీ ఒకే సైజు, ఒకే ఎరుపు, అన్నిటికీ కుడివైపుకే వంగిన ఆకు. కింద రాసిన పేర్లే వేరు. కాగితం కత్తిరించింది టీచరు, జిగురు రాసింది ఆయమ్మ. పిల్లలు చేసిందల్లా చూపించిన చోట వేలితో నొక్కడం. ఆగస్టు 15కి మూడు రంగుల జెండా, చవితికి వినాయకుడి తొండం, క్రిస్మస్‌కి దూది గడ్డం, ఏడాది పొడుగునా ఇదే వరస. మధ్యలో ‘ప్రాజెక్టు వర్క్’ అని ఒకటి ఇంటికొస్తుంది. నాన్న థర్మోకోల్ షీటు కోసం ఫ్యాన్సీ షాపుల చుట్టూ తిరుగుతాడు, అమ్మ రాత్రి పదింటిదాకా కూర్చుని చేస్తుంది, పొద్దున్నే పిల్లవాడు దాన్ని పాడవకుండా బడికి మోసుకెళ్తాడు. సాయంత్రానికి వాట్సాప్ గ్రూపులో ఫొటో.

ఇది తప్పని అనను. చెప్పింది విని అలాగే చేయడమూ నేర్చుకోవాల్సిన పనే. టీచర్లకూ వేరే దారి తక్కువ. గోడ నిండకపోతే ‘ఏం నేర్పిస్తున్నారండీ?’ అని అడిగేది మనమే. కాకపోతే ఆ నలభై ఆపిల్ పళ్లనీ చూపించి ‘మా దగ్గర క్రియేటివిటీకి పెద్దపీట’ అన్నప్పుడే చిక్కొస్తుంది. వాటిలో పిల్లలు సొంతంగా నిర్ణయించింది ఒక్కటీ లేదు.

ఓపెన్ ఎండెడ్ ఆర్ట్ అని ఈమధ్య బాగా వినిపిస్తున్నది దీనికి ఎదురు చివర ఉండే పని. చివరికి ఏం తయారవ్వాలో ముందుగా ఎవరూ అనుకోరు. కాగితం, రంగులు, బంకమట్టి, ఆకులు, ఖాళీ డబ్బాలు – వీటిలో ఏవి ఇవ్వాలో పెద్దవాళ్లు చూసుకుంటారు. వాటితో ఏం చేయాలి, ఎక్కడ మొదలుపెట్టాలి, ఎప్పుడు ఆపాలి అన్నది పిల్లల ఇష్టం. మొదలుపెట్టినప్పుడు ఏనుగు, మధ్యలో లారీ, చివరికి ‘అమ్మమ్మ వాళ్లూరు’ అయినా ఎవరికీ నష్టం లేదు. చిన్నపిల్లలకు ఇది చాలా అవసరమని వందేళ్లకు పైగా చెబుతూనే ఉన్నారు. ఎందుకు అవసరం అని అడిగితే మాత్రం నిజాలూ గొప్పలూ కలిపి చెప్పేస్తారు. వాటిని విడివిడిగా చూడాల్సి ఉంది.

ముందు ఈ ఆలోచన ఎక్కణ్నుంచి వచ్చిందో కాస్త చూద్దాం. ఫ్రాంజ్ సిజెక్ అనే చిత్రకారుడు వియన్నాలో చదువుకునే రోజుల్లో ఒక వడ్రంగి కుటుంబంతో కలిసి అద్దెకుండేవాడు. ఆ ఇంటి పిల్లలు గదిలోకొచ్చి బొమ్మలు గీసుకుంటుంటే, వాటిలో పెద్దవాళ్ల బొమ్మల్లో లేని ఒక తీరు ఆయనకు కనిపించింది. 1897లో పిల్లల కోసమే చిత్రకళ తరగతి ఒకటి తెరిచాడు. ఆ కాలపు బడుల్లో డ్రాయింగంటే ఎదురుగా పెట్టిన నమూనాను ఉన్నదున్నట్టు దించడమే. అలా దించే పని ఈ తరగతిలో లేదు. దాంతో సిజెక్ పేరు చాలా దేశాలకు పాకింది. తరవాత విమర్శకులు ఒక సంగతి గమనించారు. స్వేచ్ఛగా గీసినవంటున్న ఆ బొమ్మలు కూడా ఒకదానికొకటి బాగా పోలి ఉన్నాయి! మాస్టారికి ఏది నచ్చుతుందో పిల్లలు ఇట్టే పసిగడతారు. స్వేచ్ఛ ఇచ్చామని పెద్దవాళ్లు అనుకున్నంత మాత్రాన సరిపోదన్నమాట. మళ్లీ ఈ విషయానికి వస్తాను.

పిచ్చిగీతల వరస

ఏడాదిన్నర పిల్ల చేతికి లావుపాటి క్రేయాన్ ఇచ్చి పక్కన కూర్చోండి. పిడికిలి బిగించి పట్టుకుంటుంది. చెయ్యి భుజం దగ్గర్నుంచే ఊగుతుంది కాబట్టి గీత విల్లులా వంగి అటూ ఇటూ వస్తుంది. చాలాసార్లు చూపు కాగితం మీద కూడా ఉండదు. కొన్ని నెలలకు మోచెయ్యి, ఆ తరవాత మణికట్టు పనిలోకి దిగుతాయి. గీత సుడులు తిరగడం మొదలుపెడుతుంది. మూడేళ్లు వచ్చేసరికి కాస్త అటూ ఇటూగా ఒక పెద్ద సంఘటన జరుగుతుంది. గీత బయల్దేరిన చోటికే తిరిగొచ్చి కలుస్తుంది. ఇప్పుడు దానికి లోపల, బయట అని రెండు వచ్చాయి. లోపల చుక్క పెడితే కన్ను. కింద రెండు నిలువు గీతలు దిగితే ‘నాన్న’.

ఆ నాన్నకు మెడ ఉండదు, పొట్ట ఉండదు, చేతులుంటే తలలోంచే వస్తాయి. వీటికి పరిశోధకులు తోకకప్ప బొమ్మలని పేరు పెట్టారు. చాలా చోట్ల పిల్లలు ఈ మెట్టు మీదుగానే వెళ్తారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో నర్సరీ పిల్లల మధ్య పనిచేసిన రోడా కెలాగ్ లక్షల కొద్దీ బొమ్మలు పోగేసి, గీతలన్నిటికీ 20 మూలరూపాలు ఉన్నాయని 1969లో వచ్చిన పుస్తకంలో రాసింది. ఆ లెక్కనీ, అది ప్రపంచమంతటికీ వర్తిస్తుందన్న మాటనీ తరవాతివాళ్లు ప్రశ్నించారు. అయినా పిచ్చిగీతల్లో ఒక ఎదుగుదల ఉందని, అవి సరిగ్గా గీయలేక చెడగొట్టిన బొమ్మలు కావని ఆమె చూపించింది నిలబడింది.

ఫ్రాన్సులో జార్జ్ లూకే సొంత కూతురి బొమ్మలనే ఏళ్ల తరబడి పరిశీలించి 1913లో ఇంకో ముడి విప్పాడు. పిల్లలు కంటికి కనిపించినట్టు గీయరు, తమకు తెలిసినట్టు గీస్తారు. ఆర్టీసీ బస్సు గీసిన నాలుగేళ్ల పిల్లవాణ్ని చూడండి. బస్సు గోడలోంచి లోపలి సీట్లు, సీట్లలో మనుషులు, వాళ్ల కాళ్లు కూడా కనిపిస్తాయి. నాలుగు చక్రాలూ ఒకే వైపుంటాయి. డ్రైవరు బస్సులో సగం ఉంటాడు. ‘లోపలున్నవాళ్లు బయటికెలా కనిపిస్తార్రా?’ అని మనం నవ్వుతాం. బస్సులో మనుషులుంటారని, దానికి నాలుగు చక్రాలని, డ్రైవరు అందరికంటే ముఖ్యమని వాడికి తెలుసు. తెలిసినదంతా ఒక్క కాగితం మీద ఇమడ్చడానికి వాడు కనిపెట్టిన ఉపాయం ఆ బొమ్మ. ఎవరూ నేర్పలేదు.

ఈ దశలన్నిటినీ వరసపెట్టి 1947లో పుస్తకం రాసిన విక్టర్ లోవెన్‌ఫెల్డ్‌కి రంగులు నింపే పుస్తకాలంటే గిట్టేది కాదు. కుక్కను తనదైన పద్ధతిలో గీస్తున్న పిల్లవాడికి, పెద్దవాళ్లు గీసిన అందమైన కుక్క బొమ్మనిచ్చి రంగేయమంటే, ‘నాకు ఇలా రాదు కదా’ అనే నమ్మకం కలుగుతుందని ఆయన వాదన. నాకైతే కలరింగ్ బుక్కుల మీద అంత కోపం లేదు. రైలు ప్రయాణంలో పిల్లలను రెండు గంటలు కూర్చోబెట్టే వస్తువును తిట్టడం ఎందుకు? గీత దాటకుండా రంగేయడం చేతికి మంచి కసరత్తు కూడా. కానీ దాన్ని బొమ్మలు గీయడం కింద లెక్కేసుకుని, ‘మావాడు రోజూ డ్రాయింగ్ చేస్తాడు’ అనుకుంటేనే తేడా వస్తుంది. ‘అమ్మా, నువ్వే గీసివ్వు, నాకు రాదు’ అని ఐదేళ్లకే కాగితం మన వైపు తోసే పిల్లలు ఎందుకింతమంది ఉన్నారో ఒకసారి ఆలోచించండి.

చేతికి, బుర్రకు

ఇందులో పిల్లలకు ఒరిగేదేంటి? అన్నిటికంటే సులువుగా కనిపించేది చేతికి జరిగే మేలు.

మన మణికట్టులో 8 చిన్న ఎముకలుంటాయి. పుట్టినప్పుడు అవన్నీ మెత్తటి మృదులాస్థే. ఎక్స్‌రే తీస్తే మణికట్టు చోట ఖాళీ కనిపిస్తుంది. మొదటి ఏడాదిలో రెండు ఎముకలు గట్టిపడటం మొదలవుతుంది. మూడేళ్ల ప్రాంతంలో మూడోది, ఆరేడేళ్లకల్లా ఏడు, ఆఖరిది 8 నుంచి 12 ఏళ్ల మధ్యలో. ఇది చూపించి ‘ఎముకలు రాకముందే రాయిస్తే చెయ్యి పాడైపోతుంది’ అని భయపెట్టేవాళ్లున్నారు. అంత దూరం వెళ్లక్కర్లేదు. కానీ మూడేళ్ల చేతికీ ఆరేళ్ల చేతికీ ఉన్న తేడా మాత్రం నిజం. పిడికిలి పట్టు నుంచి మూడు వేళ్ల పట్టుకు రావడానికి పిల్లలకు కొన్నేళ్లు పడుతుంది. ఆ మధ్యకాలంలో భుజాన్ని, మోచేతిని, వేళ్లను రకరకాలుగా వాడే పనులు కావాలి. నేల మీద సుద్దముక్కతో బారుగా గీయడం, మట్టి పిసకడం, కాగితం చింపడం, చపాతీ పిండి ముద్దను పాములా చేసి మళ్లీ నలిపేయడం అలాంటివే. అక్షరాభ్యాసం అయీ కాకముందే నాలుగు గీతల కాపీ పుస్తకం ముందు పెట్టి, అక్షరం గీత మీద కూర్చోలేదని మళ్లీ చెరిపించడంతో పోలిస్తే ఈ పనులు ఆ చేతికి ఎక్కువ నేర్పుతాయి. పైగా ఇక్కడ ఎవరికీ టెన్షన్ లేదు.

చేతి కంటే ఆసక్తికరమైనది ఆలోచన సంగతి. 2011లో ఎలిజబెత్ బోనవిట్జ్, లారా షుల్జ్ తదితరులు ప్రచురించిన ఒక ప్రయోగం నాకు చాలా ఇష్టం. నర్సరీ వయసు పిల్లల ముందు గొట్టాలతో చేసిన ఒక కొత్త బొమ్మ పెట్టారు. అందులో నాలుగు విశేషాలున్నాయి. ఒక గొట్టం లాగితే కీచుమంటుంది, ఒకచోట లైటు వెలుగుతుంది, ఒకచోట పాట వస్తుంది, ఒకచోట అద్దం దాగుంది. కొంతమంది పిల్లలకు ‘ఇదిగో, ఇది ఇలా పనిచేస్తుంది’ అని టీచరులా కీచు శబ్దం ఒక్కటీ చూపించారు. ఇంకొంతమంది ముందు యాదృచ్ఛికంగా జరిగినట్టు దాన్ని కీచుమనిపించారు, లేదా ఏమీ చూపించకుండా వదిలేశారు. పాఠం చెప్పించుకున్న పిల్లలు కీచుమనిపిస్తూనే ఎక్కువసేపు గడిపారు, మిగతా విశేషాలు తక్కువ కనుక్కున్నారు. వాళ్లు మొద్దులేం కాదు. పెద్దావిడ అన్నీ తెలిసి ఒక్కటే చూపించిందంటే అందులో ఉన్నది అంతే అని సబబుగానే లెక్కగట్టారు. ఈ ప్రయోగంలో కాగితాలూ రంగులూ లేవు. అయినా ‘ఆపిల్ ఇలా ఉండాలి’ అని నమూనా చూపించిన తరవాత తరగతిలో నీలం ఆపిల్, కొరికిన ఆపిల్, పురుగున్న ఆపిల్ ఎందుకు రావో ఇదే చెబుతుంది.

ఇప్పుడు ఇంకో పని చేసి చూడండి, ఖర్చు లేనిది. తెల్ల కాగితం మీద పసుపు కలిపిన నీళ్లు పూసి ఆరనివ్వండి. ఒక గిన్నెలో నీళ్లలో కలిపిన వంటసోడా, ఇంకోదాంట్లో నిమ్మరసం పోసి, చెవి పుల్లలు రెండు ఇచ్చి ఊరుకోండి. సోడా నీళ్లు తగిలిన చోట పసుపు ఎర్రబారుతుంది. పాదాలకు పెట్టే పారాణి రంగుకు మూలం ఇదే, అక్కడ సోడాకు బదులు సున్నం కలుపుతారు (పిల్లల చేతికి సున్నం ఇవ్వకండి, చర్మం, కళ్లు మండుతాయి). ఎర్రబారిన చోట నిమ్మరసం పెడితే మళ్లీ పసుపు తిరిగొస్తుంది. నీలం శంఖుపూలు వేడినీళ్లలో నానబెట్టినా ఇలాంటి తమాషాయే, నిమ్మరసం పడగానే ఊదా, గులాబీ రంగుల్లోకి మారతాయి. ఇది చూపించి పాఠం చెప్పాలనిపిస్తుంది, నాలిక కరుచుకోండి. ఐదు నిమిషాలు పోతే పిల్ల తనే ‘ఇది పోసి అది పోస్తే పోతోంది’ అంటుంది. ఇంకాసేపటికి అది ఎక్కడిదాకా పనిచేస్తుందో చూద్దామని మూడో పుల్లతో సాంబారు తెచ్చి పూస్తుంది. ముందు ఊహించడం, చేసి చూడటం, అనుకున్నది కాకపోతే దారి మార్చుకోవడం అన్నీ అక్కడే జరిగిపోతుంటాయి.

మాటలు కూడా పెరుగుతాయి. గీస్తూ పిల్లలు తమలో తాము మాట్లాడుకుంటారు. ‘ఇది పోలీసు, ఇక్కడ వాన, వాన పడి పోలీసు తడిసిపోయాడు’ అంటూ కాగితమంతా నల్లరంగు కొట్టేస్తారు. చివరికి మనకు కనిపించేది నల్లటి కాగితం. కథంతా అడుగున ఉంది. అందుకే తయారైన బొమ్మను మాత్రమే చూసి పిల్లల పనిని అంచనా వేయలేం. చూడాల్సింది గీస్తున్నప్పుడు. అన్నట్టు, నల్లరంగు ఎక్కువ వాడితే పిల్లలు బాధలో ఉన్నారని ఒక్క బొమ్మను బట్టి తేల్చేయడం కూడా సరికాదు. చాలాసార్లు అది డబ్బాలో మిగిలిన ఆఖరి క్రేయాన్ అయ్యుంటుంది.

మార్కులు పెరుగుతాయా?

ఇక్కడ ఆగి ఒక మాట చెప్పాలి. బొమ్మలు గీస్తే లెక్కలు బాగా వస్తాయని, ఐక్యూ పెరుగుతుందని, ‘కుడి మెదడు’ తెరుచుకుంటుందని ఫీజులు తీసుకునే ఆర్ట్ క్లాసుల కరపత్రాలు చూస్తుంటాం. ఈ మాటకు ఆధారం ఉందా అని హార్వర్డ్‌కు చెందిన ప్రాజెక్ట్ జీరో అనే పరిశోధన బృందంలో ఎలెన్ విన్నర్, లోయిస్ హెట్లండ్ అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ ఒకచోట చేర్చి పరిశీలించారు. 2000లో ఫలితాలు వెలువడ్డాయి. నాటకం ఆడించడం వల్ల భాష మెరుగుపడుతుందనడానికి గట్టి ఆధారం దొరికింది. బొమ్మలు వేయడం వల్ల చదువులో మార్కులు పెరుగుతాయనడానికి మాత్రం దొరకలేదు. కళలు నేర్చుకునే పిల్లలకు మార్కులు ఎక్కువ రావడం నిజమే. అయితే అది కళ వల్లే వచ్చిందని చెప్పలేం. కళలు నేర్పించే ఇళ్లల్లో డబ్బు, పుస్తకాలు, తీరిక కూడా ఎక్కువే ఉండొచ్చు.

కళలంటే ప్రాణం పెట్టేవాళ్లే ఈ మాట చెప్పడంతో అప్పట్లో కళల బోధకులు చాలామంది నొచ్చుకున్నారు. విన్నర్, హెట్లండ్ అక్కడితో ఆగలేదు. మరి కళ అసలు ఏం నేర్పుతుందో చూద్దామని ఆర్ట్ తరగతుల్లో కూర్చుని గమనించారు. అది పెద్ద పిల్లల తరగతుల్లో చేసిన పని. అక్కడ కనిపించినవి నిదానించి చూడటం, లేనిదాన్ని ఊహించడం, విసుగొచ్చినా వదలకుండా ఉండటం, చేసినదాన్ని వెనక్కి తిరిగి పరిశీలించడం లాంటి అలవాట్లు. నాకు ఇది చాలు. ఆటలాడితే మార్కులొస్తాయా అని అడిగి పిల్లలను ఆటకు పంపం కదా.

చెయ్యి పట్టి దిద్దించాలా, వదిలేయాలా?

అసలు కష్టమైన ప్రశ్న ఇది. దీనికి సులువైన జవాబు చెప్పేవాళ్లను నేను పెద్దగా నమ్మను.

1987లో మనస్తత్వ శాస్త్రవేత్త హోవర్డ్ గార్డ్‌నర్, భార్య ఎలెన్ విన్నర్ (పైన చెప్పిన ఆవిడే) చైనాలోని నాన్జింగ్‌లో ఒక హోటల్లో దిగారు. వెంట ఏడాదిన్నర కొడుకు. గది తాళంచెవి కౌంటరు దగ్గరున్న సన్నటి పెట్టెలో వేయాలి. పిల్లవాడికి ఆ పని మహా సరదా. తాళాన్ని అటూ ఇటూ తిప్పి గుద్దుతుండేవాడు, చాలాసార్లు లోపలికి పోయేది కాదు. తల్లిదండ్రులు ఊరికే చూస్తుండేవాళ్లు. కానీ దారిన పోయే చైనావాళ్లు ఆగి, నవ్వుతూ పిల్లవాడి చెయ్యి పట్టుకుని తాళాన్ని సరిగ్గా లోపలికి వేయించేవాళ్లు. ‘పోనీలే, సాయం చేయొచ్చుగా’ అన్నట్టు తల్లిదండ్రుల వైపు చూసేవాళ్లు. వాళ్ల చోట మన తాతయ్యలో బామ్మలో ఉన్నా అదే చేస్తారు. చెయ్యి పట్టి అక్షరం దిద్దించిన సంస్కృతి మనది.

అదే ప్రయాణంలో గార్డ్‌నర్ చైనా బడులూ చూశాడు. ఐదారేళ్ల పిల్లలు కుంచె పట్టుకుని రొయ్యల్ని, బంగారు చేపల్ని, వెదుళ్లని పెద్దవాళ్లంత నేర్పుతో వేస్తున్నారు. అంతా చూపించి, చెయ్యి పట్టి నేర్పించిందే. ముందు స్వేచ్ఛ, తరవాత నైపుణ్యం అన్న తన నమ్మకమే ఏకైక దారి కాదేమోనని ఆయనకు అనుమానం వచ్చింది. నైపుణ్యంతో మొదలుపెట్టి సృజన దాకా వెళ్లొచ్చు, సృజనతో మొదలుపెట్టి నైపుణ్యం దాకా వెళ్లొచ్చు, రెండింటిలో ఏదో ఒక్కదాని దగ్గర ఆగిపోకుండా ఉండాలి. ఆయన వచ్చిన ముగింపు దాదాపు ఇదే.

మన ఇళ్లల్లో దీనికి చక్కటి ఉదాహరణ వాకిట్లోనే ఉంది. చుక్కల ముగ్గుకు నియమాలు కచ్చితం. పదిహేను చుక్కలు, ఎదురు చుక్క ఒకటి వచ్చేదాకా అంటే అంతే, ఒక్కటి తప్పినా ముగ్గు కలవదు. చూసి నేర్చుకోవాలి, వందసార్లు వేయాలి. అందులో ఓపెన్ ఎండెడ్ ఏమీ లేదు, ఉండక్కర్లేదు కూడా. సంక్రాంతి నెలలో తల్లి ముగ్గు పెడుతుంటే పక్కనే నాలుగేళ్ల పిల్ల గుప్పెడు పిండి తీసుకుని కూర్చుంటుంది. తెలివైన తల్లి ఓ మూల జానెడు చోటు చూపించి ‘ఇది నీది’ అంటుంది. పిల్ల పిండి జారవిడుస్తుంది, చేత్తో చెరిపేస్తుంది, ఒక పెద్ద కుప్ప పోసి ‘గొబ్బెమ్మ’ అంటుంది. పెద్ద ముగ్గు తయారవడం కళ్లముందే చూస్తోంది, తన మూలలో తనకు తోచింది చేస్తోంది. ఎవరూ ఆమె చెయ్యి పట్టుకోలేదు. అలాగని ఎవరూ లేని చోట వదిలేయనూ లేదు. నేర్పడానికీ వదిలేయడానికీ మధ్య చోటు ఎలా ఉంటుందో ఇంతకంటే బాగా ఏ పుస్తకమూ చూపించదు.

ఇటలీలోని రెజియో ఎమీలియా ఊరి బడుల పద్ధతి కూడా దగ్గరదగ్గర ఇదే. 1963లో అక్కడి మున్సిపాలిటీ లోరిస్ మాలగుత్సి అనే విద్యావేత్త మార్గదర్శకత్వంలో చిన్నపిల్లల బడులు నడపడం మొదలుపెట్టింది. ప్రతి బడిలో రంగులు, మట్టి, తీగలు ఉండే ఒక గది, కళలో శిక్షణ ఉన్న ఒక మనిషి ఉండాలన్నది వాళ్ల ఏర్పాటు. ఆ మనిషి నమూనాలు పంచిపెట్టడు. పిల్లలు చేస్తున్నది చూస్తాడు, వాళ్ల మాటలు రాసుకుంటాడు, పని ఆగిపోయిన చోట ఒక ప్రశ్నో, ఒక కొత్త సామానో అందిస్తాడు. మట్టి మనిషి నిలబడక పడిపోతుంటే లోపల పుల్ల పెట్టొచ్చని చూపించడం నేర్పడమే, అందులో దాపరికం లేదు. ఆ మట్టి మనిషి ఎలా ఉండాలో మాత్రం చెప్పడు. మన దేశంలోనూ ఈ దారి కొత్తదేం కాదు. శాంతినికేతన్‌లో చదువుకుని 1944లో గాంధీ ఆశ్రమమున్న సేవాగ్రామ్ చేరిన చిత్రకారుడు దేవీప్రసాద్ అక్కడ పల్లె పిల్లలతో ఏళ్ల తరబడి ఇదే పని చేశారు.

బహుమతి ఇస్తే ఏమవుతుంది?

1973లో ప్రచురించిన ఒక ప్రయోగం కోసం అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో మార్క్ లెపర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ స్కెచ్ పెన్నులంటే ఇష్టపడే నర్సరీ పిల్లలను ఎంచుకున్నారు. ఒక గుంపుకు ‘బొమ్మ గీస్తే బంగారు ముద్ర, రిబ్బను ఉన్న సర్టిఫికెట్ ఇస్తాం’ అని ముందే చెప్పారు. రెండో గుంపుకు చెప్పకుండా గీశాక ఇచ్చారు. మూడో గుంపుకు ఏమీ లేదు. వారం రెండు వారాల తరవాత తరగతిలో మామూలుగా పెన్నులు పెట్టి చూస్తే, ముందే మాట ఇచ్చిన గుంపు వాటితో గడిపిన సమయం మిగతావాళ్లలో సగమే. చెప్పకుండా ఇచ్చినవాళ్లకు ఏ తేడా లేదు. ఇంకో విషయం, సర్టిఫికెట్ కోసం గీసిన బొమ్మలు నాణ్యతలోనూ తగ్గాయి.

బహుమతి చెడ్డదని దీనర్థం కాదు. ఇష్టంగా చేసుకుంటున్న పనికి ముందే కూలి మాట్లాడితే అది కూలిపనే అవుతుంది. బాలల దినోత్సవానికి అపార్టుమెంట్లలో, బడుల్లో నాలుగైదేళ్ల పిల్లలకు డ్రాయింగ్ పోటీలు పెట్టి, ఫస్టు సెకండు థర్డు ప్రకటించి, మిగతా ముప్పైమందికి కన్సొలేషన్ పెన్సిల్ డబ్బాలు పంచే పద్ధతిని మానుకోవడానికి నాకైతే ఈ ఒక్క ప్రయోగం చాలు. పోటీ పదేళ్లు దాటాక పెట్టుకోవచ్చు.

ఇంట్లో మనం ఇచ్చే చిన్న బహుమతి ‘సూపర్!’ అనే మాట. అది కూడా ఇలాగే పనిచేసే ప్రమాదముంది. సిజెక్ తరగతి గుర్తుంది కదా, ఏ బొమ్మకు మనం ఎక్కువ మురిసిపోతామో పిల్లలు పట్టేస్తారు. సూర్యుడు, కొండలు, ఇల్లు, పక్కన కొబ్బరిచెట్టు వేస్తే అందరూ మెచ్చుకున్నారని రెండేళ్లపాటు అదే బొమ్మ వేసే పిల్లలు ప్రతి వీధిలోనూ ఉంటారు. ‘ఇదేం బొమ్మ?’ అన్న ప్రశ్న కూడా మూడేళ్ల పిల్లలను ఇబ్బంది పెడుతుంది. అది ఏ బొమ్మా కాకపోవచ్చు, రంగు జారుతుంటే చూడటం బాగుండి పోశారంతే. మనం అడిగాం కాబట్టి ‘డైనోసార్’ అని ఏదో ఒకటి చెప్పేస్తారు. కనిపించింది చెబితే సరిపోతుంది: ‘ఇక్కడ చాలా గట్టిగా నొక్కావే’, ‘ఎరుపు మీద పసుపు పడితే ఇలా వచ్చిందా?’ లేదా ‘దీని గురించి చెప్తావా?’ చెప్పాలనుంటే చెబుతారు. లేకపోతే లేచి వెళ్లిపోతారు.

సామాన్లు, మరకలు

ఖర్చు గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. లావుపాటి క్రేయాన్లు, ఒక పక్క వాడేసిన ప్రింటు కాగితాలు, సుద్దముక్కలు, వినాయక చవితికి తెచ్చి మిగిలిన బంకమట్టి. బెండకాయ అడ్డంగా కోస్తే పువ్వు అచ్చు, అరటిదూట కోస్తే వలయాలు, ఉల్లిపాయ సగం చేస్తే గీతల చక్రం. చింతపిక్కలు, గింజలు నాలుగేళ్ల పైబడ్డవాళ్లకే, అదీ మీ కళ్లముందే. అంతకంటే చిన్నవాళ్లు నోట్లోనో ముక్కులోనో పెట్టుకుంటారు. బజార్లో అమ్మే రంగోలి పొడులు నోట్లో వేళ్లు పెట్టుకునే వయసు పిల్లలకు వద్దు. ఒకేసారి పన్నెండు రంగులు ఇవ్వడం కంటే రెండు మూడు ఇస్తే కలిపి చూసే పని ఎక్కువ జరుగుతుంది.

అసలు అడ్డంకి మరకలు. అద్దె ఇంటి గోడలు, తెల్ల టైల్సు, ఉతికే మనిషి తిట్లు. వీటిని తేలిగ్గా తీసిపారేసి ‘పిల్లల్ని స్వేచ్ఛగా వదలండి’ అని చెప్పడం ఆ ఇల్లు తుడవనివాళ్లకు సులువు. బాల్కనీలోనో పెరట్లోనో పాత దుప్పటి పరిచి, పాత బనీను తొడిగి, ‘రంగులు దుప్పటి దాటకూడదు’ అని ఒక్క నియమం పెట్టండి. స్నానానికి ముందు పెట్టుకుంటే ఇంకా మంచిది. వారానికి రెండుసార్లు, అరగంట. ఎక్కడ గీయాలన్నది మీరు నిర్ణయించండి, ఏం గీయాలన్నది వాళ్లకు వదిలేయండి.

బడుల విషయంలో కాగితం మీద పరిస్థితి మారింది. 2020 జాతీయ విద్యా విధానం 3 నుంచి 8 ఏళ్ల దాకా ఒకే దశగా చూసింది. ఆ దశ కోసం 2022 అక్టోబరులో వచ్చిన పాఠ్యప్రణాళిక చట్రంలో కళాభిరుచికి శరీరం, భాష, ఆలోచనలతో పాటు చోటిచ్చారు. అమలు వేరే సంగతి. ముప్పైమంది పిల్లల మధ్య ఒక్క టీచరు, ఒక్క ఆయమ్మ ఉన్న గదిలో రంగు గిన్నెలు పెట్టడం ఎంత కష్టమో చేసినవాళ్లకే తెలుసు. అలాంటి చోట తడి రంగులు పక్కనపెట్టి సుద్దముక్క, నేల, మట్టితో మొదలుపెట్టొచ్చు. ఆరేడుగురిని ఒకసారి కూర్చోబెట్టి, మిగతావాళ్లను వేరే ఆటలో పెట్టొచ్చు. పల్లెల్లో అంగన్‌వాడీకి వాకిలి ఉంటుంది, ఇసుక ఉంటుంది, చెట్టు కింద ఆకులుంటాయి. ఏసీ ప్లేస్కూలుకు లేని సామాను అది.

తల్లిదండ్రులుగా మనం బడిని అడగగలిగింది ఒకటుంది. ఈసారి పేరెంట్స్ మీటింగుకు వెళ్లినప్పుడు గోడ మీది బొమ్మల్లో మీ పిల్లవాడిది పేరు చూడకుండా గుర్తుపట్టడానికి ప్రయత్నించండి. గుర్తుపట్టలేకపోతే ఆ మాట టీచరుతో నవ్వుతూనే చెప్పండి. ఇంటికి పంపే ప్రాజెక్టు వంకరగా వచ్చినా పిల్లలే చేసింది పంపిస్తామని కూడా చెప్పండి. ఇద్దరు ముగ్గురు తల్లులు కలిసి అడిగితే చాలా బడులు వింటాయి. థర్మోకోల్ కొనే బాధ మనకీ తప్పుతుంది.

ఎనిమిది, తొమ్మిదేళ్లు వచ్చాక కథ మారుతుంది. పిల్లలు తమ బొమ్మను ఫొటోతో, పక్కవాడి బొమ్మతో పోల్చుకోవడం మొదలుపెడతారు. ‘గుర్రం కాళ్లు ఎలా గీయాలి?’ ‘దూరంగా ఉన్న ఇల్లు చిన్నగా ఎందుకు కనిపిస్తుంది?’ అని వాళ్లే అడుగుతారు. చాలామంది బొమ్మలు వేయడం మానేసేది కూడా ఈ వయసులోనే. ఆ ప్రశ్న వచ్చినప్పుడు ‘నీకు తోచినట్టు గీసుకో’ అని తప్పించుకోకండి. అప్పుడు కావాల్సింది నేర్పే మనిషి. గుర్రాన్ని ముందు సున్నాలుగా, పెట్టెలుగా విడగొట్టి చూడటం, కంటికీ కాగితానికీ మధ్య పెన్సిల్ అడ్డుపెట్టి కొలవడం, నీడ ఎటు పడుతోందో గమనించడం అప్పుడు చెప్పాలి. డ్రాయింగ్ క్లాసుకు ఫీజు కట్టదలచుకుంటే, అది అప్పుడు కట్టండి.